ఇరవై నాలుగు ఆకుపచ్చ చీరలు

పోయినవి ముందు చెబుతాను. రెండు ఉయ్యాలలయ్యాయి. మూడు కిటికీలకు తెరలయ్యాయి. నాలుగు కోసిన మామిడికాయల మీద కప్పడానికి తోటలకు వెళ్ళాయి. ఒకటి వాన పడకుండా బోరు మోటారు మీదికెక్కింది. ఒకటి స్నానాల దడికి తలుపయింది. ఒకటి చిన్నపిల్ల గౌను అయింది. ఒకటి ఆగిరిపల్లిలో ఒకావిడ చెల్లెలికి చేరింది. ఒకటి సమాధిలో ఉంది. ఒకటి ఎక్కడుందో ఎవరికీ తెలియదు. మొత్తం పదిహేను.

మా చర్చి స్త్రీల సమాజం వాళ్ళు ఒక క్రిస్మస్‌కి పాటల జట్టు కోసం ఇరవై నాలుగు చీరలు కొన్నారు. హనుమాన్ జంక్షన్‌లో ఒకే కొట్టు, ఒకే ఆకుపచ్చ, అన్నిటికీ తెల్ల లతల అంచు. నైలాను లాంటి జారుడు బట్ట. మూడేళ్ళు తిరిగేసరికి బీరువాల్లో చీరలుగా మిగిలినవి తొమ్మిది. మిగతా పదిహేనూ పైన చెప్పినట్టు చెదిరిపోయాయి.

ఈ లెక్క నా దగ్గర ఉండడానికి కారణం ఒకావిడ. ఆ పదిహేనింటి వెంటా నా బండి మీద నన్నే తిప్పింది. ఈ ఏడు మామిడి సీజను అయిపోయి, షెడ్లు కడిగి తాళాలు వేసిన వారంలో పోయింది. ఊళ్ళో చిన్నా పెద్దా అందరికీ ఆవిడ అక్కే. నేనూ అక్క అనే రాస్తాను.

అక్క మామిడి కమీషన్ షెడ్డులో కాయ ఏరే పని చేసేది. నేను అదే షెడ్డులో ట్రేల లెక్క పట్టేవాణ్ణి. ఏడో తరగతిలో బడి మానేశాను. లెక్కలు కాయలతో నేర్చుకున్నాను. సీజనులో మా ఇద్దరికీ మధ్య రోజంతా ఒక కాయల రాశి ఉండేది. ఇటు నేను నిలబడేవాణ్ణి, అటు ఆవిడ నిలబడేది. షెడ్డులో ఆవిడ కూర్చోవడం మాత్రం నేను చూడలేదు. మిగతా ఆడవాళ్ళు పీటలు వేసుకుని ఏరేవాళ్ళు. "కూర్చుంటే కాళ్ళకి చీమలు పాకినట్టుంటది తమ్ముడూ" అనేది. భోజనం కూడా గిన్నె చేత్తో పట్టుకుని తిరుగుతూనే తినేది. కాయలు లేని వేళ ఆ చేతులకు ఇంకేదో కావాలి. పక్కవాళ్ళ కొంగు అంచు విప్పి మడిచేది, ఊడిన దారం కనిపిస్తే పళ్ళతో కొరికేది, నా చొక్కా గుండీలు లాగి చూసేది. చర్చిలో చాప మీద ప్రసంగం వింటూ ముందు కూర్చున్నావిడ పమిట సర్దేది. ముందావిడ వెనక్కి తిరిగి చూస్తే, "నువ్వు వాక్యం విను, నేను అంచు చూస్తున్నా" అనేది.

మామిడి సొన చేతికి తగిలితే పొక్కుతుంది. అందుకని ఏరేవాళ్ళంతా చీర మీద మగవాళ్ళ ఫుల్‌హ్యాండ్స్ చొక్కాలు తొడుక్కుంటారు. అందరూ మొగుళ్ళ పాత చొక్కాలు తొడుక్కుంటే, అక్కవి మాత్రం ఊళ్ళో కుర్రాళ్ళు ఫోన్లో తెప్పించుకుని రెండుసార్లు వేసుకుని పక్కన పారేసినవి. ఒకదాని వీపు మీద నోరు తెరిచిన పులి ఉండేది.

"అక్కా, వెనక పులి ఉంది తెలుసా?"

"ఉండనీ. షెడ్డు సేటు వెనక నుంచి వచ్చి కేకలేయడానికి జంకుతాడు."

ఆ పులి చొక్కా ఆరు సీజన్లు చూశాను. చివరికి పులి మీసాలు పోయి పిల్లి అయింది.

కొత్త బట్ట కనిపిస్తే ఎవరైనా ఎంతకు కొన్నావని అడుగుతారు. అక్క అంచు పట్టుకుని బొటనవేలితో నలిపి, "ఎన్నోసారి?" అని అడిగేది. మొదటిసారి అంటే ఆవిడ ముఖంలో ఆసక్తి పోయేది. "అయితే ఇంకా నీది కాలేదు. కొట్టువాడిదే. పది ఉతుకులు పడనీ, అప్పుడు చూద్దాం." ఈ ప్రశ్నకు వేళాపాళా ఉండేది కాదు. ఒక పెళ్ళిలో స్టేజీ ఎక్కి, అక్షింతలు వేసి, పెళ్ళికొడుకు కోటు చెయ్యి పట్టుకుని అదే అడిగింది.

ఆ కుర్రాడు బిత్తరపోయి, "ఏదండీ, పెళ్ళా? కోటా?" అన్నాడు.

స్టేజీ కిందదాకా నవ్వులు. అక్క నవ్వలేదు. "రెండూ చెప్పు" అంది.

మంచి మనిషే అని చెప్పగలను గానీ, పక్కన ఉండడం సుఖమని చెప్పలేను. ఆవిడ పక్కన నిలబడితే మనకీ ఏదో పని మరిచిపోయినట్టు ఉండేది. ఆవిడ చేతులు ఆగేది ఒక్క పాట దగ్గరే. మా పాటల జట్టుకు పాట ఎత్తుకునేది అక్క. పాస్టరు అయ్యగారు పాట నంబరు చెప్పగానే, హార్మోనియం ఒక చుట్టు తిరగగానే, గొంతు లేచేది. లేచిన క్షణం నుంచి ఆఖరి చరణం దాకా ఆ రెండు చేతులూ పక్కన ఊరికే వేలాడేవి. చూడని వాళ్ళకు ఇది చిన్న సంగతి. రోజంతా ఎదురుగా నిలబడి ఆ చేతుల్ని చూసినవాడికి కాదు.

ఆకుపచ్చ చీరలు కొన్న మూడేళ్ళకు, నవంబరులో ఒక ఆరాధన అయ్యాక సమాజం వాళ్ళు చర్చిలోనే కూర్చున్నారు. నేను మా ఆవిడ కోసం గుమ్మం దగ్గర నిలబడ్డాను. సమాజం ప్రెసిడెంటు గారు మా హైస్కూల్లో చేసి రిటైరైన టీచరమ్మ. నెమ్మదైన మనిషి. ఫోను అందరికీ చూపిస్తూ, "ఈసారి లావెండర్ అనుకుంటున్నామండీ. చూడండి, ఎంత లైట్‌గా ఉందో" అన్నారు.

ఫోను చేతులు మారుతూ అక్క దగ్గరికొచ్చింది. బొటనవేలితో తెర మీద రుద్దింది. బొమ్మ కాస్తా ఎగిరిపోయి ఇంకేదో వచ్చింది.

"దీని అంచు ఎట్టా నలపాలి?" అంది. అందరూ నవ్వారు. "ఆకుపచ్చవి ఏమయ్యాయండీ?"

"అవి మూడేళ్ళ కిందటివి కదక్కా."

"మూడేళ్ళకే చీర ముసలిదవుద్దా? నేను అరవై దాటినదాన్ని. నన్నేం చేస్తారు, కిటికీకి కడతారా?"

"అట్టా కాదు. ఫోటోల్లో మళ్ళీ అవే కనిపిస్తే బాగుండదు. పక్క సంఘం వాళ్ళు ఏటా మారుస్తున్నారు."

"ఫోటోలో మళ్ళీ నేనూ ఇదే మొహంతో ఉంటాను కదండీ."

ఇంతలో గోడవార కూర్చున్న ఒక అమ్మాయి చెయ్యెత్తింది. ఆ ఏడే మా ఊరికి కోడలుగా వచ్చింది. షెడ్డులో అక్క పక్కనే ఏరేది. గొంతు బాగుంటుందని అక్కే జట్టులోకి పిలిచింది. "నేను వచ్చే ఏడు నిలబడతానండీ. ఈ ఏడు వెనక కూర్చుని పాటలు నేర్చుకుంటాను" అంది. ఎందుకో ఎవరూ అడగలేదు. చీర ఎవరిది వాళ్ళే కొనుక్కోవాలి. ఆ ఇంట్లో అప్పుడు కొత్త చీరకు వీలు లేదని అందరికీ తెలుసు.

అక్క ఆ అమ్మాయి వైపు చూడలేదు. ప్రెసిడెంటు గారి వైపే చూస్తూ, "ఆకుపచ్చవి ఇరవై నాలుగూ నేను తెస్తే?" అంది.

"తెస్తే అవే కట్టుకుందాం. కానీ అవి ఎక్కడున్నాయక్కా? ఒక్కటి తగ్గినా వరస చెడుతుంది, అప్పుడిక లావెండరే."

"ఒక్కటి తగ్గితే నేనింక పాట ఎత్తుకోను."

ఆ మాట ఎవరూ అడగలేదు. ప్రెసిడెంటు గారు కంగారుపడ్డారు. "అదెందుకు మధ్యలో? చీరకీ పాటకీ సంబంధం ఏంటి?"

"మాట ఇచ్చేటప్పుడు ఏదో ఒకటి పెట్టాలి కదండీ. నా దగ్గర ఇంకేముంది?"

"చర్చిలో పందేలేంటి?" అని వెనక నుంచి ఎవరో గొణిగారు.

"పందెం కాదు, మాట" అంది అక్క. తర్వాత గుమ్మం వైపు వేలు చూపించింది. "లెక్క ఆ తమ్ముడు పడతాడు. అతను నా వైపు పడడు, మీ వైపు పడడు."

అట్లా నేను ఇరుక్కున్నాను. డిసెంబరులో షెడ్డు పని ఉండదు. పొద్దున మంచు కరగకముందే అక్క మా వాకిట్లో ఉండేది. బండి స్టాండు తీసేలోగా వెనక సీటు దుమ్ము తన కొంగుతో మూడుసార్లు తుడిచేది. తోటల్లో పూత ఇంకా రాలేదు. రైతులు మందులు కొడుతుంటే ఆ వాసనలో నుంచి వెళ్ళేవాళ్ళం.

ఉయ్యాల చీర దగ్గరికి వెళ్ళేసరికి అందులో బిడ్డ నిద్రపోతున్నాడు. వాడు లేచేదాకా అక్క ఆ వసారా ఈ చివరి నుంచి ఆ చివరికి తిరిగింది.

తల్లి బతిమాలింది. "అక్కా, వాడు ఇందులో అయితేనే పడుకుంటాడు."

"పెళ్ళయ్యేదాకా ఇందులోనే పడుకుంటాడా? ఉయ్యాలకి నూలు గుడ్డ ఉండాలి. ఇది జారుద్ది." తన నూలు చీర పాతదొకటి సంచీలో తెచ్చింది. తనే కట్టి, తనే ఊపి, వాడు మళ్ళీ నిద్రపోయాకే కదిలింది.

మోటారు మీది చీర తీయనివ్వడానికి రైతు ఒప్పుకోలేదు. మోటారు తడిసిపోద్దన్నాడు. మర్నాడు అక్క ఎక్కడి నుంచో ఒక ఫ్లెక్సీ పట్టుకొచ్చింది. దాని మీద ఒక నాయకుడు రెండు చేతులూ జోడించి నవ్వుతున్నాడు.

"ఈయన్ని కప్పు. వానలో నిలబడడం ఈయనకి అలవాటే."

కాయల మీద కప్పిన నాలుగూ తోట కాపలావాళ్ళ పాకల్లో ఒక మూల అట్టలుగా పడి ఉన్నాయి. చూడడానికి మరకలు పెద్దగా లేవు. అక్క వాసన చూసి తల అడ్డంగా ఊపింది. సొన సంగతి మామిడి ఊళ్ళలో అందరికీ తెలుసు. అంటినప్పుడు నీళ్ళలాగే ఉంటుంది. ఉతికి ఆరేశాక నల్లగా పైకి తేలుతుంది. అప్పుడిక దాన్ని ఏ సబ్బూ దింపదు. అన్నట్టే ఆ నాలుగూ ఉతికాక వాటి మీద నల్ల మచ్చలు లేచాయి. అక్క ఆ మచ్చలన్నీ కుచ్చిళ్ళ లోపలికి పోయేట్టు చీర ఏ వైపు నుంచి దోపుకోవాలో దారంతో గుర్తులు కుట్టింది. గౌను కుట్టిన దాన్ని విప్పి అతుకులేసింది. ఆ అతుకులు పమిట కింద పడేట్టు చూసుకుంది.

ఆగిరిపల్లి సంగతి వేరు. తలుపు తీసినావిడ ఆ చీరలోనే ఉంది. అంట్లు తోముతూ వచ్చింది, కొంగు బొడ్లో దోపుకుని ఉంది. ఆకుపచ్చ వెలిసి లేత చింతచిగురు రంగుకొచ్చింది.

అక్క అలవాటుగా అంచు పట్టుకుంది. "ఎన్నోసారి?"

"ఏం లెక్క పెద్దమ్మా? ఇంట్లో రోజు మార్చి రోజు ఇదే. మా అక్క ఇచ్చింది. సుఖంగా ఉంటది."

అక్క అంచు వదిలేసింది. నేను గొంతు సవరించి మేము వచ్చిన పని చెప్పాను. ఆవిడ వెంటనే, "ఉతికి ఇచ్చేస్తానండీ, దానికేముంది" అంది.

"ఇవ్వొద్దు" అంది అక్క. "క్రిస్మస్ ఒక్కరోజుకి అరువివ్వు. మర్నాడు ఈ తమ్ముడే తెచ్చి ఇస్తాడు."

బండెక్కి ఊరు దాటాం. తర్వాత నా భుజం మీద తట్టి, "ఇన్నిట్లో అదొక్కటే చీరలాగా బతుకుతోంది" అంది. ఆ తర్వాత ప్రతి క్రిస్మస్‌కి దాన్ని తేవడం, మర్నాడు తిరిగి ఇవ్వడం నా పనయింది.

జట్టులో ఒకావిడ మధ్యలో చనిపోయింది. ఆ ఇంటికి వెళ్ళి అడిగితే కొడుకు తల వంచుకుని, "అమ్మకి అదే కట్టామండీ. అదంటే ఇష్టం అనేది" అన్నాడు.

తిరిగి వస్తూ నేను, "ఒకటి పోయింది" అన్నాను.

"పోయిందంటావేంటి? దొరికిందిగా."

"అక్కా, అది మట్టిలో ఉంది."

"మట్టిలో ఉంటే? కట్టుకునే ఉందిగా. మనిషి కరిగిపోద్ది గానీ ఈ నైలాను కరగదు తమ్ముడూ. మనందరికంటే ఎక్కువ రోజులు కట్టుకునేది ఆవిడే. లెక్కలో వేసుకో."

"వేసుకోను. కంటికి కనపడాలి, చేతికి రావాలి. అదీ లెక్క."

"నీ లెక్క సేటు లెక్క."

నాకు కోపమొచ్చి బండి ఆపేశాను. రైలు గేటు దగ్గర అరగంట వాదించుకున్నాం. గేటు రెండుసార్లు పడి లేచింది. వెనక నుంచి లారీ డ్రైవరు, "మొగుడూ పెళ్ళాలు ఇంటికెళ్ళి కొట్టుకోండి" అన్నాడు. అక్క వాడి వైపు తిరిగి, "తమ్ముడయ్యా! నీ చొక్కా ఎన్నోసారి?" అని అరిచింది.

ఆఖరిది చింతలపూడి వైపు కాపురం మార్చుకున్న ఆవిడ చీర. అంత దూరం వెళ్తే ఆవిడ వంటింట్లోకి వెళ్ళి ఒక స్టీలు గిన్నె తెచ్చి చూపించింది. పాత బట్టలకు స్టీలు సామాను ఇచ్చేవాడు వస్తే, ఆ చీరా ఇంకో మూడు బట్టలూ వేసి గిన్నె తీసుకుందట. వాడిది జంక్షన్ వైపు అని మాత్రం తెలుసు.

మర్నాడు హనుమాన్ జంక్షన్‌లో ఆ వ్యాపారం చేసేవాళ్ళను వెతికి పట్టుకున్నాం. హైవే పక్కన ఒక రేకుల షెడ్డు. అందులో గోనెపట్టాలతో కట్టిన మూటలు మనిషెత్తున పేర్చి ఉన్నాయి. వాటిని లారీకి ఎత్తుతున్నారు.

అక్కడున్నతను మర్యాదస్తుడే. "అమ్మా, ఎప్పటిదో చీర. అది ఇప్పటికి ఏ ఊరు పోయిందో మాకే తెలీదు. ఈ మూటలు ఎక్కడికెళ్తాయో కూడా మాకు తెలీదు" అన్నాడు.

"ఒక్క మూట విప్పి చూస్తా."

"చూడండి. మళ్ళీ మీరే కట్టాలి."

ఒకటి కాదు, మూడు విప్పింది. నేనూ సాయం పట్టాను. పాతబట్టల మూట అంటే చిరుగులుంటాయనుకున్నాను. చిరుగులు లేవు. కుర్తీలు, లెగ్గింగులు, పిల్లల గౌన్లు, టీషర్టులు, చీరలు. కొన్నిటికి మెడ దగ్గర ధర చీటీ కట్టిన ప్లాస్టిక్ పోగు ఇంకా అట్లాగే ఉంది. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టి మొదటి మూట సగంలోనే ఆపేశాను. అక్క ఆపలేదు. కాయ ఏరే చేతులు అవి. ఒక్కో బట్టా తీసి, అంచు నలిపి, పక్కన వేసి, ఇంకొకటి తీసి. రంగు ఆకుపచ్చ కాదని దూరం నుంచే తెలుస్తున్నా సరే, ప్రతిదాని అంచూ నలిపింది. పెదవులు కదులుతున్నాయి. దగ్గరికెళ్ళి వింటే, "ఒకసారి. రెండుసార్లు. ఒకసారి. అసలు లేదు. ఒకసారి" అంటోంది. లారీవాడు హారను కొడుతున్నాడు. ఆవిడ వేగం పెరుగుతోంది. గాలికి రెండు గౌన్లు హైవే మీదికి ఎగిరితే పరుగెత్తి తెచ్చింది. నాకు భయమేసి చెయ్యి పట్టుకున్నాను.

"చాలక్కా. ఇందులో లేదు."

అక్క నా చేతిని విదిలించుకుని ఆ గుట్ట వైపు చూపించింది. "ఇందులో ఒక్కటి కూడా ఎవరిదీ కాలేదు తమ్ముడూ" అంది.

మూటలు మళ్ళీ మేమే కట్టాం. చీకటి పడుతుండగా ఊరికొచ్చాం. దారిలో ఒక టీ కొట్టు దగ్గర ఆపితే, టీ చల్లారేదాకా గ్లాసు ఈ చేతిలో నుంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ నిలబడింది.

క్రిస్మస్‌కి ముందు ఆదివారం చర్చిలో చాపల మీద చీరలు పరిచాం. ఇరవై రెండు. బీరువాలో ఉన్నవి ముదురు ఆకుపచ్చ, కిటికీలకున్నవి ఎండకు పసుపు తిరిగిన ఆకుపచ్చ, ఉయ్యాలలవి మధ్యరకం, ఆగిరిపల్లిది అన్నిటికంటే లేత. ఏ రెండూ ఒకటి కాదు. అక్క వాటిని అటూ ఇటూ జరిపి, ముదురు నుంచి లేతకు వరసగా పేర్చింది. షెడ్డులో పచ్చికాయ, దోర, పండు వేరు చేసినట్టే.

ప్రెసిడెంటు గారు ఆ వరస చివరిదాకా నడిచి వెళ్ళి, తిరిగి నడిచి వచ్చారు. "ఇట్లా నిలబడితే బాగుంటుందక్కా. లావెండర్ వద్దులే. ఇవే కట్టుకుందాం" అన్నారు. ఆవిడ గొంతులో గెలుపూ లేదు, ఓటమీ లేదు. నిజంగానే నచ్చాయి.

"లెక్క చెప్పు తమ్ముడూ" అంది అక్క.

"ఇరవై రెండు."

"ఇరవై మూడు. ఒకటి తగ్గింది" అంది. ఆ సమాధి సంగతి మళ్ళీ చెప్పింది. ఎవరూ నవ్వలేదు. "రెండు తగ్గినా ఒకటి తగ్గినా మాట మాటే. నేను పాట ఎత్తుకోను."

అందరూ మీద పడ్డారు. చీరలు గెలిచాక పాటెందుకు వదలాలని మా ఆవిడ కేకలేసింది. అయ్యగారు కూడా, "సంఘం క్షమిస్తుందమ్మా" అన్నారు. "క్షమించడానికి నేను తప్పేం చేశానండీ? తక్కువ తెచ్చాను, అంతే" అంది. తన చీర తీసి కొత్త కోడలి ఒళ్ళో పెట్టింది. "ఇది అరువు. ఆ తగ్గింది దొరికేదాకా ఉంచుకో. దొరికినరోజు అది నీది, ఇది నాది, పాట నాది."

క్రిస్మస్ ఆరాధనలో అయ్యగారు నంబరు చెప్పారు. హార్మోనియం ఒక చుట్టు తిరిగింది. ఎవరూ ఎత్తుకోలేదు. రెండో చుట్టు తిరిగింది. ముందు వరసలో ఆకుపచ్చ మెడలన్నీ ఒక్కొక్కటే వెనక్కి తిరుగుతున్నాయి. వెనక వరసలో అక్క ఎప్పటిదో మెరూన్ చీరలో నేల చూస్తూ నిలబడింది. మూడో చుట్టు సగంలో కొత్త కోడలు ఎత్తుకుంది. చాలా కింద నుంచి ఎత్తుకుంది. సగంమంది గొంతులు ఆ కిందికి దిగలేక మాయమయ్యాయి. రెండో చరణానికి సర్దుకున్నారు. నేను పాట వినలేదు. అక్క చేతులు చూస్తున్నాను. కొంగు మడుస్తున్నాయి, విప్పుతున్నాయి, మళ్ళీ మడుస్తున్నాయి. ఆఖరి చరణం దాకా ఆగలేదు.

ఆ తర్వాత పండగలన్నిటికీ ఆ ఆకుపచ్చలే. కొత్త కోడలు ఇప్పుడు చక్కగా ఎత్తుకుంటుంది. అక్క మాత్రం వెతుకులాట మానలేదు. స్టీలు సామాన్లవాడి కేక వినిపిస్తే చేతిలో కాయ వదిలేసి రోడ్డు మీదికి పరుగెత్తేది. సేటు ఎన్నిసార్లు తిట్టాడో. బస్సులో వెళ్తూ ఎవరి దండెం మీదో ఆకుపచ్చ కనిపిస్తే దిగిపోయేది. ఒకసారి అట్లా దిగి, అది చీర కాదు పందిరి మీది వల అని తేలాక, అక్కడి నుంచి నాకు ఫోను చేసింది. వెళ్ళి తెచ్చాను. "దూరం నుంచి అంచు కూడా కనపడింది తమ్ముడూ" అంది. అంచు లేని వలకు అంచు కనపడింది.

ఈ వేసవిలో ఆఖరి లారీ వెళ్ళాక, షెడ్డు కడుగుతూ నీరసంగా ఉందని గోడకు ఆనుకుంది. ఆవిడ ఆనుకోవడం చూసి అందరం పని ఆపేశాం. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంది. ఐదో రోజు తెచ్చారు.

స్నానం చేయించి, ఏం కట్టాలని ఆడవాళ్ళు పెట్టె తెరుస్తుండగా కొత్త కోడలు వచ్చింది. చేతిలో మడత పెట్టిన ఆకుపచ్చ చీర.

ప్రెసిడెంటు గారు అడ్డం వచ్చారు. "ఏంటమ్మా ఇది? కట్టుకునే చీర మట్టిలో పెడితే అక్క ఊరుకునేదా? నీకెందుకిచ్చింది?"

"అరువిచ్చిందండీ. తగ్గింది దొరికేదాకా అంది."

"దొరకలేదు కదా."

"దొరకలేదు కాబట్టే ఇన్నాళ్ళూ నా దగ్గరుండిపోయింది. తను మెరూన్‌లో వెళ్ళిపోతే, పాట నేను లాక్కున్నట్టు ఉంటదండీ. రేపటి నుంచి నాకు గొంతు లేవదు."

"మరి క్రిస్మస్‌కి నువ్వేం కట్టుకుంటావు?"

"ఉన్నదేదో కట్టుకుంటాను. నాకున్నవి చాలండీ."

ప్రెసిడెంటు గారు ఆ చీర అందుకుని, అంచు బొటనవేలితో ఒకసారి నలిపారు. తర్వాత తనే మడత విప్పి, ఆడవాళ్ళకు అందించారు. మేము మగవాళ్ళం బయటికి వచ్చేశాం. శవపెట్టె మూసేముందు చూశాను. రెండు చేతులూ కదలకుండా ఆ ఆకుపచ్చ మీద ఉన్నాయి. చూడలేక పక్కకు తిరిగాను.

సమాధి దగ్గర పాట ఆ అమ్మాయే ఎత్తుకుంది. సరైన చోట నుంచే ఎత్తుకుంది.

మట్టి వేసి తిరిగి వస్తుంటే ప్రెసిడెంటు గారు నా పక్కన నడిచారు. గేటు దాటాక అడిగారు.

"ఇప్పుడు లెక్క ఎంతయిందండీ? ఎన్ని తక్కువ?"

కంటికి కనపడాలి, చేతికి రావాలి అనుకుంటే ఇరవై నాలుగులో ఇరవై ఒకటి. మూడు తక్కువ. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. వెనక్కి తిరిగి చూశాను. కొత్త మట్టి పక్కన పాత మట్టి.

"ఒకటండీ" అన్నాను.